ఓబులవ్వ చూపు, నా గులాబ్‌జామూన్లు

గాల్లోంచి విభూతి తీసే స్వాములతో వాదించాను. నిప్పుల గుండం తొక్కేవాళ్ల వెనకాలే నేనూ తొక్కి, ఇందులో మహిమ లేదు, నడకలో వేగమే ఉందని చూపించాను. ముహూర్తాలు పెట్టేవారికి నిండు సభలో చెమటలు పట్టించాను. ఇన్ని యుద్ధాల్లో ఒక్కసారీ ఓడలేదని ఉపన్యాసాల్లో చెప్పుకుంటూ ఉంటాను. అది అబద్ధం. ఒకసారి ఓడాను. నన్ను ఓడించింది స్వామీ కాదు, సిద్ధాంతీ కాదు, గులాబ్‌జామూన్లు. దిష్టి ఉత్త మూఢనమ్మకమని రుజువు చేయబోయి, దిష్టి ఉందని ఒక వీధి మొత్తానికీ పరీక్ష పెట్టి మరీ నిరూపించిన హేతువాది ఈ దేశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. అప్పుడే నవ్వకండి. నవ్వడానికి ముందు ముందు చాలా ఉంది.

తొంభైల చివరి మాట. డిగ్రీ అయ్యాక భోపాల్‌లో మిత్రుల గదిలో ఒక ఏడాది ఉండి, ఉద్యోగం తప్ప అన్నీ సంపాదించుకుని ధర్మవరం తిరిగి వచ్చాను. ఆ అన్నిట్లో ముఖ్యమైనవి రెండు: వాదించే నోరు, ఉత్తరాది వంట. గదిలో వంతులవారీగా వండుకునేవాళ్లం కాబట్టి ఆలూ పరాఠా, రాజ్మా, పనీరు, గులాబ్‌జామూను నా చేతికి వచ్చాయి. చేతికి వచ్చాయని నేను అనుకున్నాను.

వచ్చిన కొన్నాళ్లకు పనీరు చేశాను. కాగుతున్న పాలలో నేను నిమ్మకాయ పిండటం చూసి మా అమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. "కరువు సీమలో పుట్టి మంచి పాలు ఇరగ్గొడతాండావు కదరా. నీకేం పోగాలమొచ్చిందిరా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. విరిగిన పాలను గుడ్డలో మూటగట్టి, నీళ్లు కారడానికి వీధి వాకిట్లో దూలానికి వేలాడదీశాను. సాయంత్రానికల్లా ఊళ్లో గుప్పుమంది. దిష్టి లేదని అరిచే అబ్బాయి తన ఇంటికే దిష్టి మూట కట్టుకున్నాడని. ఇది పనీరని వచ్చినవాళ్లందరికీ చెప్పాను. "ఏదో ఒకటిలే అప్పా, కట్టుకుంటివి, మంచిదే" అని మెచ్చుకుని పోయారు.

మాది నేత వీధి. పగలంతా ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడు. మా ఎదురింటి ఓబులవ్వ వీధిలోని మగ్గాలకు దారం కండెలు చుట్టిపెట్టేది. మనిషి ఎండిన చింతబరికెలా ఉండేది కానీ ఆమె కన్ను అంటే వీధి మొత్తానికీ హడల్. చీర బాగుందని అంటే మగ్గం మీద పడుగు దారం తెగిందట. బర్రెను మెచ్చుకుంటే పాలు బిగబట్టిందట. బోరును చూసి "ఎన్ని నీళ్లమ్మా" అన్న మర్నాడే బోరు ఎండిందట. మా జిల్లాలో ఎండని బోరు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి దండ వేసి వస్తాను. ఎండిన ప్రతి బోరునూ ఓబులవ్వే చూసి ఉంటే పాపం ఆ ముసలామె ఎన్ని బస్సులు మారి ఉండాలి. ఇవన్నీ నేను అరుగుల మీద నిలబడి చెప్పేవాణ్ణి. అందరూ వినేవారు. విని, అవ్వ అటు రాగానే పిండివంటల మీద మూత పెట్టేవారు.

మా పక్కింటి రత్నత్త కూతురు సరళకు పెళ్లి కుదిరింది. అబ్బాయి ఉద్యోగం ఉత్తరాదిన. వాళ్ల ఇంటిల్లిపాదీ ఆ తిండికి అలవాటు పడ్డారని తెలిసి, నిశ్చితార్థానికి ఓళిగలతో, అదే బొబ్బట్లతో, పాటు గులాబ్‌జామూన్లు కూడా పెట్టాలని రత్నత్త పట్టుపట్టింది. అవి చేసే మొనగాడు వీధిలో నేనొక్కణ్ణే. అడగ్గానే ఒప్పుకున్నాను. అప్పుడు ఆమె గొంతు తగ్గించి ఒక షరతు పెట్టింది. ఓబులవ్వ పొయ్యి దరిదాపుల్లోకి రాకూడదు. అసలు ఆ రోజు ఆ ఇంటికే రాకుంటే మేలు.

అవ్వకు ఈ సంగతి అప్పటికే తెలుసు. కండెలు చుడుతూనే నాతో అంది: "ఆ పాపను సంకనేసుకొని ఈదంతా తిప్పింది నేనే నాయనా. ఒక్క పూట దూరంగా నిలబడి చూసి పోతా అంటే వద్దంటాండారు." ఆ మాట వినగానే నా రక్తం పాకంలా సలసల కాగింది. ఆ నిశ్చితార్థంలో అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టకపోతే నా చదువెందుకు, నా వాదమెందుకు?

నేరుగా రత్నత్త ఇంటికి పోయి సవాలు విసిరాను. నిశ్చితార్థానికి రెండు రోజుల ముందు మీ వాకిట్లోనే, వీధి అందరి ముందూ జామూన్లు చేస్తాను. అవ్వ ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా చూస్తుంది. అవి గుండ్రంగా దిగితే అవ్వను నువ్వే పిలవాలి, అన్నాను.

"చెడిపోతే?"

"చెడిపోతే మన వీధిలో దిష్టి మాట మళ్లీ ఎత్తను."

వీధికి ఈ రెండో లాభమే ఎక్కువ నచ్చినట్టుంది, వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది ఓబులవ్వే. "నన్నెందుకప్పా ఈ గొడవలోకి ఈడుస్తావు? ఒకేళ నిజంగా నా కన్నే చెడ్డదైతే?" అంది. అన్నాళ్లుగా వీధి అంటుంటే ఆమెకూ సగం నమ్మకం కుదిరిపోయింది. నేను సభలో మాట్లాడినట్టు చెయ్యెత్తి, ప్రకృతి నియమాలు ఎవరి కంటికీ లొంగవని అభయమిచ్చాను. నేను విమర్శించే స్వాములు కూడా సరిగ్గా అలాగే చెయ్యెత్తుతారని ఇప్పుడు గుర్తొస్తోంది.

శాస్త్రం అంటే శాస్త్రమే. ఆ రోజు ఉదయం అవ్వ లేకుండా ఒక వాయి చేశాను. కోవా, మైదా కలిపేటప్పుడు మా అమ్మ వంటసోడా డబ్బాలోంచి చిటికెడు తీసి వేసింది. చిటికెడు అనేది కొలతే కాదు, ఎవరి వేళ్లతో చిటికెడు అని నేను గంటసేపు వాదించాను. ఆమె చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. జామూన్లు మాత్రం దోరగా వేగి, పాకం తాగి, వెన్నలా వచ్చాయి. రత్నత్త రెండు తిని, మూడోది కొంగున కట్టుకుంది.

సాయంత్రం మగ్గాలు ఆగాయి. వీధంతా రత్నత్త వాకిట్లో చేరింది. పంపు స్టవ్వు, బాండ్లి నిండా చెనిక్కాయ నూనె, దానికి ఎదురుగా పీట మీద లేపాక్షి బసవన్నలా కదలకుండా ఓబులవ్వ. నేను గొంతు సవరించుకుని, నా ఉరితాడు నేనే పేనుకున్నాను. "ఉదయం కోవాలోదే ఈ కోవా. అదే మైదా, అదే నూనె, అదే బాండ్లి. కొత్తగా వచ్చింది అవ్వ చూపు ఒక్కటే. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి" అన్నాను. అందరూ బాగా గుర్తుపెట్టుకున్నారు.

మా అమ్మ తన చిటికెడు వేసి, పళ్లేలు తేవడానికి లోపలికి పోయింది. అప్పుడు, పాఠకులారా, ఇన్ని కళ్లు నా మీద ఉండగా నాకు అనుమానం పుట్టింది. ఒకవేళ గట్టిపడితే? అవ్వ పరువేం గాను? చిటికెడు సోడాకే అంత మెత్తగా వచ్చినప్పుడు చెంచాడు వేస్తే ఇంకెంత మెత్తగా రావాలి? ఎవరూ చూడకుండా చెంచాడు వేశాను. ఎందుకైనా మంచిదని ఇంకో చెంచా. గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టేవాళ్లను ఎగతాళి చేసిన నేను, అచ్చం అదే భయంతో పిండికి సోడా కట్టాను. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆ భూతం పొంగుతుందని మాత్రం చెప్పలేదు.

ఉండలు చేసి నూనెలో వదిలాను. పరీక్ష పక్కాగా ఉండాలని అవ్వను పైకే మెచ్చుకోమన్నాను. ఆమె వద్దంది. నేను పట్టుబట్టాను. చివరికి భయంభయంగా, "ఎంత గుండ్రంగా ఉండాయి నాయనా" అంది.

ఆ మాట నూనెలో పడిందో లేదో, మొదటి జామూను కడుపుబ్బరం వచ్చిన దూడలా ఉబ్బింది. ఉబ్బి, పగిలి, పూలు పూసి, పొడిపొడిగా విడిపోయింది. రెండోది దానికి తోడు పోయింది. మిగతావి జట్టుగా పోయాయి. నేను చిల్లుల గరిటె పట్టుకుని, పామిడి దగ్గర ఎండిన పెన్నలో చేపలు వెదికేవాడిలా బాండ్లి అంతా గాలించాను. గరిటెకు నురగ తప్ప ఏమీ తగల్లేదు. అందరూ ఒక్కొక్క అడుగు వెనక్కి జరిగారు. ఇద్దరు తల్లులు పిల్లల ముఖాల మీద కొంగు కప్పారు.

"సోడా ఎక్కువైంది. నేనే వేశాను" అన్నాను.

రత్నత్త నా వైపు జాలిగా చూసింది. "ఆయమ్మను కాపాడేకి నేరం నీ మీదేసుకుంటాండావా నాయనా? పొద్దున అవ్వ లేదు, బాగొచ్చె. ఇప్పుడు అవ్వ ఉండాది, ఇట్లాయె. తేడా గుర్తుపెట్టుకోమంటివి కదా, పెట్టుకుంటిమి."

జీవితంలో మొదటిసారి మా వీధి తర్కబద్ధంగా ఆలోచించింది. అది కూడా నా మీదే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చలన్నీ గెలిచి పక్కింటి పొయ్యి దగ్గర బోల్తాపడ్డాను. అవ్వ లేచి, తల మీద కొంగు కప్పుకుని, ఎవరినీ చూడకుండా నేలకేసి చూస్తూ ఇంటికి పోయింది. నేనిప్పటికీ నవ్వలేని భాగం ఈ కథలో అదొక్కటే.

మర్నాడంతా ఇంట్లోంచి బయటికి రాలేదు. నిశ్చితార్థం నాడు పొద్దున్నే ఎదురింట్లో మాటలు వినబడితే కిటికీలోంచి చూశాను. రత్నత్త. పళ్లెం నిండా ఓళిగలు, నెయ్యి గిన్నె, తాంబూలం, కొత్త రవికె గుడ్డ. వీధి రాత్రంతా చర్చించి ఒక నిర్ణయానికి వచ్చిందట. నూనెలో ఉన్నదాన్ని చూసి పేల్చగలిగిన మనిషిని గడప బయట పెట్టి ఉసురు పోసుకుంటే శుభమా? ముందే కడుపునిండా పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె నోటితోనే దీవెన అనిపించుకోవడం క్షేమం. "నువ్వొచ్చి ముందర కూచోవాలవ్వా. నువ్వు తిన్నాకే మావాళ్లకు పెడతాం" అంటోంది రత్నత్త, రెండు చేతులూ జోడించి.

అలా ఓబులవ్వ నిశ్చితార్థంలో ముందు వరసలో, సరళ పక్కనే కూర్చుంది. నా వాదం అన్నాళ్లుగా సాధించలేనిది రెండు చెంచాల సోడా సాధించింది. ఆ రోజు నుంచి వీధిలో ఎవరింట బాండ్లి ఎక్కినా మొదటి పళ్లెం అవ్వకే. ఎండిన చింతబరికె చిగురు వేసింది. బుగ్గలు కూడా వచ్చాయి.

కానీ నా మనసు ఊరుకుంటుందా? నెల తిరగకుండానే ఆమె గుమ్మం ఎక్కాను. ఇంకో పరీక్ష పెడతాను, ఈసారి సోడా తూచి వేస్తాను, నీ మీద మచ్చ పూర్తిగా తుడిచేస్తాను అన్నాను.

అవ్వ ఓళిగ నమలడం ఆపింది. వీధి అటూ ఇటూ చూసి, నన్ను దగ్గరికి రమ్మంది.

"నీకు పున్నెముంటాది, గమ్మునుండు నాయనా. ఆ పొద్దు నువ్వు రెండో చెంచా కూడా వేస్తాంటే నేను చూడలేదనుకుంటివా? నా కన్ను చెడ్డది కాదని నాకు ఆడనే అర్థమాయె. ఆ సంగతి నాకు తెలిస్తే చాలు. ఈ రత్నమ్మోళ్లకు ఎందుకు చెప్పేది?" అని సగం ఓళిగ తుంచి నా చేతిలో పెట్టింది. "నిన్న కజ్జికాయలు పంపినారు. ఎల్లుండి ఇంకోళ్లింట్లో సీమంతం."

హేతువాదులు ఒట్లు పెట్టరు. నేను పెట్టాను, ఆ ఓళిగ ముక్క సాక్షిగా. దిష్టి లేదని బతికి ఉన్నంతకాలం చెబుతాను. వెయ్యి సభల్లో చెబుతాను, ఎవరు వచ్చినా వాదిస్తాను. కానీ చేతిలో సోడా డబ్బా ఉండగా చెప్పను. ఓబులవ్వకు వినబడేంత దూరంలో అసలే చెప్పను.