సముద్రపు గాలికి అలవాటైన గురి

కాకినాడలో గ్రేడ్-1 బాస్కెట్‌బాల్ కోచ్‌గా నేను చేరింది ఒక జూన్ నెల మొదటి వారంలో. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిల జిల్లా జట్టును నాకు అప్పగించారు. మాకున్నది ఒక్కటే సిమెంటు కోర్టు. దానికి తూర్పున సముద్రం. సాయంత్రం నాలుగైతే చాలు, గాలి మొదలయ్యేది. ఎండలో మాడిన వాళ్లకు అది హాయిగా ఉండేది కాబట్టి ప్రాక్టీసు ఎప్పుడూ ఆ వేళకే పెట్టేవాణ్ణి.

జట్టులో రత్నం అనే పద్నాలుగేళ్ల పిల్ల ఉండేది. హార్బరు దగ్గర చేపల వేట చేసే సింహాద్రి కూతురు. పొడుగు, చురుకు, దానికి తగ్గ మొండితనం. ఫ్రీ త్రోలో ఆమెది జట్టులోనే మంచి చెయ్యి. అవతలి వాళ్లు ఫౌల్ చేసినప్పుడు గీత మీద నిలబడి, ఎవరూ అడ్డు రాకుండా వేసే బంతిని ఫ్రీ త్రో అంటారు. చూసేవాళ్లకు తేలిక. వేసేవాళ్లకు మాత్రం ఆ నాలుగు క్షణాల్లో ఊరంతా తననే చూస్తున్నట్టుంటుంది.

మూడో ఏడు లీగ్ మ్యాచ్‌లు మా కోర్టులోనే జరిగాయి. అన్నీ గెలిచాం. ఓడితే ఇంటికే అనే నాకౌట్ మ్యాచ్‌లు ఫిబ్రవరిలో, వేరే ఊళ్లో, పైకప్పున్న ఇండోర్ స్టేడియంలో. సెమీఫైనల్లో రత్నానికి పది ఫ్రీ త్రోలు వచ్చాయి. రెండే పడ్డాయి. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. వచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు కోపంగా ఉంది, ఆ మాట దాచుకోను.

టోర్నీ అయ్యాక కోచ్ ప్రతి క్రీడాకారిణి మీదా ఒక నివేదిక పంపాలి. ఏప్రిల్‌లో జరిగే రాష్ట్ర శిక్షణ శిబిరానికి ఎవరిని పిలవాలో దాన్నిబట్టే తేలుస్తారు. రత్నం పేరు కింద ‘నాకౌట్ ఒత్తిడికి తట్టుకోలేదు’ అని ఒక్క ముక్క రాసి పంపేశాను. ఆ ముక్కతో ఆమె శిబిరం అవకాశం దాదాపు పోయినట్టే. పైగా ఆమె ప్రాక్టీసుకు రావడం తగ్గించేసింది. వచ్చిన రోజున కారణం అడిగితే, గీత దగ్గరికి వెళ్తే తన చేతులు తనవి కానట్టుంటున్నాయని తల దించుకుని చెప్పింది.

పదిరోజుల తర్వాత సింహాద్రి నన్ను వెతుక్కుంటూ కోర్టుకు వచ్చాడు. కూతురు ఆట మానేస్తానంటోందని, నాతో ఒక మాట చెప్పిపోదామని వచ్చానన్నాడు. ఆయన మా ఆట చూడటం అదే మొదటిసారి. అప్పుడు రత్నం ఉత్తరం రింగుకు ఫ్రీ త్రోలు వేస్తోంది. ఆయన చేతులు కట్టుకుని ఇరవై బంతులు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

“మాస్టారూ, పిల్ల గాలిని లెక్కగట్టి ఏత్తందండి. మేం వల ఇసిరేటప్పుడు ఇలాగే ఓ పక్కకి ఇసురుతాం. మీరాడిన ఊళ్లో గాలుందాండి?”

ఆడలేక మద్దెల ఓడన్నట్టు కూతుర్ని వెనకేసుకొస్తున్నాడనుకున్నాను. అక్కడ నాలుగు గోడలు, పైన రేకులు, గాలెక్కడిదని చెప్పాను. కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి అన్నం తింటున్నా ఆ ప్రశ్న వదల్లేదు. సెమీఫైనల్‌ను ఎవరో ఫోన్లో తీశారు. అది తెప్పించుకుని చూశాను. తప్పిన ఎనిమిది బంతులూ రింగు కుడి అంచుకే తగిలాయి. భయపడిన చెయ్యి ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా, అటూ ఇటూ వేస్తుంది. ఈ చెయ్యి ఎనిమిదిసార్లూ ఒకే చోటికి వేసింది. మా దగ్గర ఉత్తరం రింగుకు వేసేటప్పుడు గాలి కుడివైపు నుంచి తోస్తుంది. బంతి సరిగ్గా పడాలంటే కాస్త కుడికి వెయ్యాలి. దక్షిణం రింగు అబ్బాయిలకు ఇచ్చేశాం కాబట్టి ఆమె సాధన అంతా ఒక్క రింగుకే. మ్యాచ్‌లో రింగులు మారినప్పుడు ఆమె గురి తగ్గడం నేను గమనించకపోలేదు. అలసట అనుకుని ఊరుకున్నాను. డిప్లొమా ఉన్న నాకు మూడేళ్లలో కనపడనిది, బంతి ముట్టని మనిషికి ఇరవై బంతుల్లో కనపడింది. నాకు సిగ్గేసింది.

మర్నాడే వాళ్లింటికి వెళ్లి తప్పు నాదని తండ్రీకూతుళ్లిద్దరికీ చెప్పాను. రత్నం నా మొహంలోకి చూసి, “అయితే నా చెయ్యి బాగానే ఉందాండి సార్?” అని అడిగింది. బాగానే ఉందని, గురి పాడుచేసింది నేనని చెప్పాను.

ఇక గాలి లేని చోటు కావాలి. మండపేటలో మా బావమరిదికి రైసు మిల్లుంది. రెండో పంటైన దాళ్వా ధాన్యం రాకముందు గోడౌన్ ఖాళీగా ఉంటుంది. ఇనుప స్తంభానికి రింగు బిగించుకోనిమ్మంటే, పెళ్లప్పుడు అడగాల్సిన కట్నం బావగారు ఇప్పుడడుగుతున్నారని నవ్వి తాళాలిచ్చాడు. మార్చిలో ప్రతి ఆదివారం తండ్రీకూతుళ్లు బస్సులో వచ్చేవారు. బంతి నేలకు కొట్టినప్పుడల్లా తవుడు లేచి ముగ్గురం తుమ్మేవాళ్లం. మొదటివారం సగం కూడా పడలేదు. నాలుగో ఆదివారానికి ఆమె చెయ్యి నిటారుగా వెళ్లడం మొదలైంది.

నేను మార్చి మధ్యలోనే జిల్లా అధికారి దగ్గరికి వెళ్లి, నా నివేదిక తప్పని, సవరణ లేఖ పంపాలని కోరాను. ఆయన కుర్చీ చూపించి, లేఖ వెళ్తే శిక్షణలో లోపం నాదేనని ఫైల్లో శాశ్వతంగా ఉంటుందని, రిటైరయ్యే ముందు ఇదంతా ఎందుకని అడిగారు. మంచికే చెప్పారు. ఆ పిల్ల ఫైల్లో ఉన్నది అబద్ధమండీ అన్నాను. కవరింగ్ లెటర్ మీద ఆయన సంతకం చేశారు.

ఎంపిక కమిటీ రత్నాన్ని ట్రయల్‌కు పిలిచింది. ఇండోర్ కోర్టులో పది ఫ్రీ త్రోలు వేయించారు. ఎనిమిది పడ్డాయి. శిబిరం జాబితాలో ఆమె పేరు చివరిది, అయినా ఉంది. మరుసటి ఏడు మేం సెమీఫైనల్ గెలిచి ఫైనల్లో ఓడాం. ఆ ఓటమికి రత్నం కారణం కాదు, గాలీ కాదు. అవతలి జట్టు బాగా ఆడింది.

చెయ్యి నేర్చుకున్నదే చేస్తుంది. అది తప్పినప్పుడు, నేర్చుకున్న పిల్లకంటే ముందు నేర్పిన చోటునూ నేర్పినవాణ్ణీ పరీక్షించాలి. ముప్పయ్యేళ్లు విజిల్ ఊదాక నాకీ సంగతి తెలిసింది. ఆలస్యమే, కానీ దాన్ని సరిదిద్దే అధికారం చేతిలో ఉండగానే తెలిసింది.