కుప్పం చేరని యోగా క్లాసు

గంగులప్ప దగ్గర యోగా నేర్చుకుంటున్నవాళ్ళు మదనపల్లెలో చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళలో ఒక్కరికీ ఆసనం వేయడం రాదు. ఆయన నేర్పడు. రాక కాదు. తెల్లారకముందే ఆయన తలకిందులుగా నిలబడటం పక్కింటివాళ్ళు కళ్ళారా చూశారు. యోగానికి ఎనిమిది మెట్లనీ, యమం, నియమం అయ్యాకే మూడోది ఆసనమనీ, మొదటి రెండూ దాటనివాళ్ళకు మోకాలు వంచే హక్కు లేదనీ ఆయన పట్టు.

రిటైరయ్యేదాకా ఆర్టీసీలో కండక్టరు. అందుకని ఎంత వేదాంతమైనా టికెట్ల భాషలోనే చెప్పేవాడు. "మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరు దాటకుండా కుప్పంలో దిగతానంటే ఎట్లమ్మా?"

ఆ మాట నీలిమకు మొదటిరోజే తగిలింది. టమాటా మండీ ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఆమె నడుము పట్టేసింది. యోగా అన్నా చెయ్యి, ఉద్యోగమన్నా మానుకో అన్నాడు డాక్టరు. ఎంతో కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం, వదులుకునే ప్రశ్నే లేదు. కొత్త చాప చంకన పెట్టుకుని తెల్లారేసరికి గంగులప్ప వరండాలో వాలింది. ఆయన నడుము సంగతి అడగనేలేదు, నిన్న ఎన్ని అబద్ధాలు చెప్పినావని అడిగాడు. ఒక్కటీ చెప్పలేదంది నీలిమ.

"ఇదొకటి," అన్నాడు గంగులప్ప. "కూర్చో."

కూర్చోవడమే కదా ఆమె నడుముకు పట్టిన రోగం!

మొదటి పాఠం అహింస. వరండా పక్కనే మురికికాలువ. ఎవరు చెప్పారో గానీ, ఊళ్ళో దోమలన్నీ తెల్లారేసరికి ఆ క్లాసుకే హాజరయ్యేవి. కొట్టడానికి వీల్లేదు. చెయ్యి లేస్తే చాలు, ఇంకా బస్టాండు కూడా దాటలేదని గంగులప్ప దెప్పేవాడు.

సత్యం దగ్గర మునిగింది చీరల అంగడి బాబు సాహెబ్. బేరం కుదిరిన ఎర్రచీరను చేతిలో పెడుతూ, ఉతికితే రంగు పోతుందని నిజం చెప్పేశాడు. కొనబోయినామె దిగ్గున లేచిపోయింది. మరునాడు చుట్టాలను వెంటేసుకొచ్చి, ఊళ్ళో నిజం చెప్పే అంగడి ఇదొక్కటేనని మెచ్చుకుని, ఒక్కో చీరా తీయించి దీంట్లో ఏం లోపమో చెప్పమని సాయంత్రం దాకా కూర్చుంది. ఒక్కటీ కొనలేదు.

"పుంగనూరు కనిపిస్తాండాదా భాయ్?" అని గంగులప్ప అడిగితే, అంగడి మూసేది కనిపిస్తా ఉండాదన్నాడు బాబు సాహెబ్.

ఇంత జరిగినా సణగనిది మునిరత్నమ్మ ఒక్కతే. ఆటోలోంచి పడ్డప్పటినుంచి ఆమె కుడి మోకాలు బిగుసుకుపోయింది. ఒంటరి మనిషి. కుర్చీలో కాలు చాపుకుని, ఇంట్లో వినేవాళ్ళు లేక దాచిపెట్టుకున్న కబుర్లన్నీ క్లాసులో పరిచేది. అందరికన్నా ముందొచ్చేది, అందరూ పోయినా లేచేది కాదు.

చివరకు నీలిమ తెగించింది. బాబు సాహెబ్ మిద్దె మీద, ఫోనులో చూస్తూ ఆసనాలు మొదలుపెట్టించింది. క్లాసంతా సాయంత్రాలు ఇనుపనిచ్చెన ఎక్కి, దొంగసారా కాసేవాళ్ళంత గుట్టుగా ఆసనాలు వేసేది. నెల తిరక్కుండా ఆమె నడుము సులువైంది. మనసు మాత్రం పట్టేసింది. ఎంత ఎగతాళి చేసినా గంగులప్ప చెప్పిన సత్యం కొంచెం ఒంటబట్టింది మరి. ఒకరోజు అందరూ పోయి, మునిరత్నమ్మ కూడా లేచేదాకా ఆగి, జరిగిందంతా ఆయన ముందు ఒప్పేసుకుంది.

తిడతాడనుకుంది. ఆయన అడిగింది ఒకటే.

"మునిరత్నమ్మ వచ్చిందా ఆడికి?"

"యాడొస్తాదప్పా? నిచ్చెన గదా. ఆయక్క మోకాలు వంగదు."

"ఈడ ఆసనాలు మొదులుపెట్టినా అంతే గదమ్మా. మీరంతా వంగతాంటే ఆయమ్మ సూస్తా కూర్చోవాల. రెండు దినాలు కూర్చుంటాది. మూడోనాడు రాదు."

నీలిమకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ చాదస్తమని నవ్వుకున్న ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

"ఆయక్క మోకాలు ఎప్పుడు తగ్గతాదప్పా?"

"తగ్గదంట. డాక్టరు చెప్పేసినాడు."

అంటే ఈ బస్సు ఎన్నటికీ కుప్పం పోదన్నమాట. నీలిమకు నవ్వాగలేదు. గంగులప్ప గొంతు తగ్గించి, మిద్దె మీద పని మిద్దె మీద కానిమ్మన్నాడు, మునిరత్నమ్మ చెవిన మాత్రం వేయొద్దన్నాడు.

"మరి సత్యమో?"

"అహింస ముందర, సత్యం దాని ఎనక. వరస తప్పకూడదమ్మా."

ఇంత గుట్టు పాటిస్తే ఏం లాభం? నీలిమ చులాగ్గా వంగి చెప్పులు తొడుక్కోవడం మునిరత్నమ్మ కంటపడింది. ఒక్క ఆసనం వేయకుండా, వట్టి యమనియమాలతోనే ఆ పిల్ల నడుము బాగైందని వీధివీధంతా చాటింది. మరుసటి వారానికి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. వచ్చినవాళ్ళందరికీ మొదటి మెట్టు బోధించే పని గంగులప్ప మునిరత్నమ్మకే అప్పగించాడు. ఆమె చూడకుండా ఒక్కొక్కరినే బాబు సాహెబ్ మిద్దెకు తరలించే పని నీలిమ మీద పడింది.