ఎర్రన్న వేసిన ముడి

కళింగపట్నంలో ఎవరి వల చిరిగినా ఎర్రన్న దగ్గరికే తీసుకొస్తారు. మోకాలు పాడై వేట మానేశాక ఆయన బతుకుతెరువు అదే. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, వల కొస బొటనవేలికి తగిలించి, లోకంలో సంగతులన్నీ మాట్లాడుతూ అల్లుకుపోతాడు. చూపు చేతుల మీద ఉండదు. ఆయన వేసిన ముడి ఊడిందని నేనింతవరకు వినలేదు. అంతటి మనిషిని ఒక ఆదివారం నడిసందులో నిలబెట్టి చెడామడా తిట్టాను.

నా పేరు ఈశ్వర్. ఇంటింటికీ ఇంటర్నెట్ లైను లాగుతాను. వరసకు ఆయన నాకు మావ. ఆయన కూతురు ఉష డిగ్రీ రెండో ఏడు చదువుతూ, సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌లో ఆటలాడుతుంది. కాలక్షేపానికి కాదు. అయిదుగురు జట్టుగా ఆడే ఆటట, పోటీలుంటాయట, జీతమిచ్చి మరీ పెట్టుకునే జట్లుంటాయట. నేను నమ్మలేదు. తీరా చూస్తే హైదరాబాద్ జట్టొకటి ఆమెను పరీక్షకు పిలిచింది. ఆట సగంలో ఉండగా నెట్ పోయింది. మోడెం ముందు గదిలో ఉండేది, ఉష గదేమో వంటింటి వెనక. మధ్యలో రెండు గోడలు. వైఫై అక్కడికి చేరేసరికి సొమ్మసిల్లిపోయేది.

ఇంకొక్కసారి చూస్తామని, మళ్లీ మధ్యలో పోతే ఇక పిలవమని వాళ్లు కబురు పెట్టారు. ఆ ఒక్కసారి ఆదివారం నాలుగు గంటలకు.

వారం ముందే నేను వెనక సందులోని స్తంభం నుంచి కొత్త ఫైబర్ తీగ లాగి, చూరు కింద కొక్కేనికి బిగించి, నేరుగా ఉష గది కిటికీలోంచి లోపలికి దింపాను. మోడెం ఆమె బల్ల మీదే పెట్టాను. వేగం చూసుకుని ఆ పిల్ల గంతులేసింది. నాకూ గర్వంగానే అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు, అన్నం కలుపుకుంటుంటే ఫోన్ మోగింది.

"బావా, మోడెం మీద ఎర్ర లైటొచ్చీసినాది. బేగి రా బావా." అటునుంచి ఉష.

చెయ్యి కడుక్కుని బండెక్కాను. వెళ్లేసరికి ఉష గుమ్మంలోనే నిలబడి ఉంది. వెలుతురు కొలిచే మీటరు పెట్టి చూశాను. తీగలో వెలుతురు లేదు. మోడెం దగ్గర కొస మార్చాను. అయినా లేదు. మూడు దాటింది. నా వెనక నిలబడి ఉష నిమిషాలు లెక్కపెడుతోంది. వాళ్లమ్మ దానమ్మ పెట్టిన టీ చల్లారిపోయింది. లోకం సంగతులన్నీ మాట్లాడే ఎర్రన్న మాత్రం పెరటి తలుపు పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

నిచ్చెన వేసి తీగ పొడుగునా చెయ్యి పెట్టి తడుముకుంటూ వెళ్లాను. చూరుకు మూరెడు దూరంలో చేతికి బుడిపె తగిలింది. నీలం వలదారంతో ఒత్తుగా చుట్టి, పైన మైనం మెత్తి ఉంది. విప్పి చూస్తే లోపల ముడి. అంత అందమైన ముడిని నేనెన్నడూ చూడలేదు.

"మావా, ఇదేటి?"

"పొద్దున తడి వల ఆరేసినానురా దాని మీద. బరువుకి తీగ కిందికి జారిపోనాది. ఇందాక ఐసు బండి ట్రేలకి తగిలి తెగిపోనాది." ఆయన నేల చూపులు చూస్తూ గొణిగాడు. "కట్టీసినాను. గట్టిగానే కట్టినాను. ఏనుగు లాగినా ఊడదు."

నిజమే. బిగిసి ఉన్న తీగ కనబడితే వల ఆరేయడం ఆ వీధిలో అందరికీ అలవాటే. ఈ తీగ మీద వద్దని ముందే చెప్పకపోవడంలో నా తప్పు కూడా ఉంది. కానీ అప్పుడది తోచలేదు. ఒళ్లు మండిపోయింది.

"ఇదేమైనా తాడనుకున్నావేటి మావా? లోపలున్నది గాజు! ఎంట్రుకంత గాజు! దాంట్లోంచి వెలుతురు పోవాల. ముడేస్తే ఎలాగ పోతాది? తెగినప్పుడే నాకొక ఫోన్ కొడితే నీ సొమ్మేటి పోతాది?"

కిటికీలోంచి ఉష అంతా వింది. తండ్రిని నాలుగు తిట్టినా బాగుండేది. ఎర్రన్న ముఖం చూడలేకపోయాను.

అతుకు వేసే మిషను శ్రీకాకుళం నుంచి రావాలి. కొత్త తీగ చుట్టా అక్కడే ఉంది. నా సంచీలో ఉన్నది, మిషను లేకుండా చేత్తో బిగించే జాయింటు ఒకే ఒక్కటి. ముడి కత్తిరించి పారేసి, రెండు కొసలూ ఒలిచి, గాజు కోశాను. చెయ్యి వణికి ఒక కొస విరిగింది. మళ్లీ ఒలిచాను. మూడూ యాభైకి ఆకుపచ్చ లైటు వెలిగింది. ఉష పరుగున వెళ్లి కుర్చీలో కూలబడింది.

కానీ ఆ జాయింటు మీద లాగుడు పడితే ఊడిపోతుంది. కొక్కేనికి బిగించడానికి లేదు. వదులుగా వదిలేస్తే సందులో వెళ్లే బండ్లకు తగులుతుంది. ఆ మాట చెప్పగానే ఎర్రన్న లోపలికి వెళ్లి బోటు నెట్టే పొడుగాటి గెడ తెచ్చాడు. దాని కొసకు పాత లుంగీ గుడ్డ చుట్టి, తీగ కింద మెల్లగా ఆనించి పైకెత్తాడు.

"ఎంతసేపురా?"

"గంటన్నర. ఆ మోకాలితో నువ్వేటి నిలబడతావు? ఇలా ఇచ్చీ."

"నీ సేతులు వణుకుతన్నాయి. నావి ఎన్ని అలలు సూసినాయో! నువ్వెల్లి బండ్లు సూడు."

సందు మొదట్లో నిలబడి వచ్చే బళ్లను ఆపాను. ఆటోలను చుట్టూ తిప్పి పంపాను. అయిదింటికి మళ్లీ ఐసు బండి వచ్చింది. రేవులో చేపలు పాడైపోతాయని డ్రైవరు జోగయ్య నా మీదికొచ్చాడు. బతిమాలాను, తిట్టాను, అతను వినలేదు. బండి మెల్లగా కదిలింది. ఎర్రన్న మునివేళ్ల మీద లేచి గెడ ఇంకా పైకెత్తాడు. మోకాలు గడగడా వణుకుతోంది. పై ట్రేకూ తీగకూ మధ్య జానెడు సందు కూడా లేదు. బండి దాటిపోయింది. కిటికీలోంచి ఉష మాటలు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి, జట్టువాళ్లతో గబగబా ఏదో చెబుతోంది.

అయిదూ ముప్పావుకు కుర్చీ జరిగిన చప్పుడైంది. ఉష పెరటి తలుపు తీసుకుని వచ్చింది. కళ్ల నిండా నీళ్లు.

"తెగిపోనాదా?" అన్నాడు ఎర్రన్న.

"నేదు నానా."

"మరేటికే ఏడుస్తన్నావు?"

"తీసుకున్నారు నానా. నన్ను తీసుకున్నారు."

దానమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. నేనైతే నడిసందులో కేక పెట్టాను. ఎర్రన్న మాత్రం తీగ మీంచి చూపు తిప్పకుండా నన్నడిగాడు.

"ఒరే ఈసరా, అయితే దించీమంటావా?"

ఉషే వెళ్లి గెడ పట్టుకుంది.

"దించీ నానా, అయిపోనాది."

ఆయన దించుదామనే చూశాడు. పట్టు వదలడం చేతకాలేదు. వేళ్లు గెడకు బిగుసుకుపోయాయి. ఉష వాటిని ఒక్కొక్కటే విప్పింది.