మా సందులోకి వచ్చిన మూడు బస్సులు

ఆ రోజుల్లో పదో తరగతి పాసైన పిల్ల ఇంట్లో ఉందంటే, పెళ్లీడు పిల్ల ఉన్న ఇంటికన్నా ఎక్కువమంది వచ్చిపోయేవారు. పెళ్లివారైనా పిల్లను ఒకసారి పిలవమంటారు. ఈ కాలేజీల సార్లు మార్కుల మెమో చూసి, చాయ్ తాగి వెళ్లిపోయేవారు. నేను మాత్రం ఆ వేసవంతా మట్టెవాడ బజారులో మా స్టీలు సామాన్ల దుకాణంలో, బాపు వెనక స్టూలు మీద కూర్చుని కలలు కంటూ గడిపాను. మధ్యాహ్నపు ఎండ బిందెల మీద పడితే, పైకప్పు మీద ఆ వెలుగు నీళ్లలా కదిలేది. పెద్ద గిన్నెలో నా ముఖం వెడల్పుగా, గ్లాసులో సన్నగా పొడుగ్గా కనబడేది. గిన్నెలో ఉన్నది డాక్టరమ్మ, గ్లాసులో ఉన్నది ఇంజినీరమ్మ అనుకునేదాన్ని. (మూతల్లో నా అసలు ముఖమే కనిపించేది, అందుకని మూతల వైపు చూసేదాన్ని కాదు.)

నిజానికి నాకు కావలసింది హెచ్ఈసీ. చరిత్ర చదవాలని కోరిక. ఆదివారాలు బాపు మమ్మల్ని ఊళ్లోని పాత కోటకు, మా ఖిల్లాకు తీసుకెళ్లేవాడు. అక్కడ పడి ఉన్న చెక్కడపు రాళ్ల మధ్య పల్లీలు తింటూ, ఈ రాయి ఏ గోడలోదో, దాని పక్కన నిలబడి ఎవరు ఎవరికోసం ఎదురుచూశారో అని ఊహిస్తుంటే నాకు పొద్దు తెలిసేది కాదు. కానీ మావాళ్ల లెక్కలో హెచ్ఈసీ అంటే ఇంకెక్కడా సీటు రాని పిల్లలు చేరే చోటు. కాలేజీలు తెరిచేలోపు నోరు విప్పకపోతే రెండేళ్లు నాకు పట్టని పుస్తకాలు మోయాలని తెలుసు. తెలిసి కూడా, రేపు చెబుదాంలే అనుకుని మళ్లీ బిందెల వెలుగులోకి జారుకునేదాన్ని.

ఇక మా బాపు సంగతి. గిరాకీకి 'లేదు' అన్న మాట ఆయన నోట రాదు. దుకాణంలో లేని సామాను అడిగినా "సరే, రేపొస్తది" అని చాయ్ తెప్పించేవాడు. ఆ అలవాటు వచ్చి నా చదువు మీద పడింది. మొదట టై కట్టుకున్న సారొకాయన వచ్చి ఎంపీసీ అన్నాడు. "మీ బిడ్డ పక్కా ఇంజినీరైతది, రాసిపెట్టుకోండ్రి." బాపు చాయ్ ఇచ్చి, మెమో జిరాక్స్ ఇచ్చి, "సరే సార్, గట్లనే" అన్నాడు. మర్నాడు లావుపాటి డైరీతో ఇంకో కాలేజీ సారు బైపీసీ అంటూ వచ్చాడు. ఆయనకూ చాయ్, జిరాక్స్, సరే. ఆ వారంలోనే మా నర్సంపేట మామ దిగాడు. ఆయన హనుమకొండలో ఒక కాలేజీకి పిల్లల్ని చేర్పించే పనిలో ఉండేవాడు. "దుకాణపోళ్ల బిడ్డ సీఈసీ సదవాలె గని గీ కప్పలు కోసుడెందుకు బావా?" అన్నాడు. ఆయనకూ అంతే.

నాయనమ్మ ఒక్కతే అడిగింది, "ముగ్గురికి మాటిస్తివి, పిల్ల ఒక్కతే గదరా?" అని.

"వాళ్లు నిజంగ వస్తరా అవ్వా? ఇంటింటికి తిరిగెటోళ్లు. ఎండల వచ్చినోన్ని ఒట్టిగ పొమ్మంటే పానం నొచ్చుకోదా? నువ్వేం ఫికర్ చెయ్యకు."

వచ్చారు. కాలేజీలు తెరిచిన రోజు పొద్దున మా సందులోకి ఒక పసుపు బస్సు, దాని వెనక ఇంకొకటి, అటు చివర నుంచి మూడోది. రెండు ఆటోలు ఎదురుపడితేనే ఒకటి వెనక్కి పోవలసిన సందు మాది. పాలాయన బండి మధ్యలో ఇరుక్కుంది. మూడు బస్సుల్లోంచీ నా పేరే పిలుస్తున్నారు. జనం అరుగుల మీదికి వచ్చేశారు. "డాక్టర్ల బస్సెక్కు బిడ్డా" అని ఒకరు, "గా ముంగటి బస్సు కొత్తగున్నది, అదెక్కు" అని ఇంకొకరు. నేను రెండు జడలతో గడప మీద నిలబడి, నాకోసం ఇంతమంది వచ్చారు కదా అని (సిగ్గులేకుండా చెబుతున్నాను) కాసేపు మురిసిపోయాను.

బాపు లుంగీ ఎగ్గట్టి ఒక బస్సు నుంచి ఇంకో బస్సుకు తిరుగుతూ "జర ఆగుండ్రి సార్, చాయ్ తాగుండ్రి" అంటున్నాడు. చివరికి మూడో బస్సులో వచ్చిన మామకు ఒళ్లు మండింది. "చాయ్ కాదు బావా, పిల్ల ఏ బస్సెక్కుతదో చెప్పు!"

బాపు దిక్కులు చూశాడు. ఆ చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది. రెండు నెలల్లో మొదటిసారి అడిగాడు, "నువ్వేం సదువుతవ్ బిడ్డా?"

"హెచ్ఈసీ, బాపూ."

"దానికి బస్సెవ్వలు పంపలే గదా?" అన్నాడు పాపం అయోమయంగా.

"సర్కారు కాలేజీల ఉన్నది. నడుసుకుంట పోత."

బాపు బస్సుల వైపు తిరిగాడు. ఎగ్గట్టిన లుంగీ కిందికి దింపుకున్నాడు. "లేదు సార్" అన్నాడు. "మా పిల్ల రాదు." ఆయన నోట 'లేదు' వినడం నాకదే మొదలు. ఎంత కష్టపడి అన్నాడో తలచుకుంటే ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. బస్సులు వెనక్కి మళ్లడానికి అరగంట పట్టింది. "మూడు బస్సులొస్తే నడిసిపోతనంటివి, మంచి తెలివే నీది" అంది నాయనమ్మ.

ఇప్పుడు నేను సర్కారు జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. ఏటా ఎండల్లో, మా కాలేజీలో చేరమని మేమూ గడపగడపా తిరగాలి. అందరూ చాయ్ ఇస్తారు, "సరే మేడం, తప్పకుండ పంపిస్తం" అంటారు. ఆ 'సరే' విలువ నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మొన్న ఒకింట్లో తండ్రి జిరాక్స్ నా చేతిలో పెడుతుంటే, వెనక తలుపును ఆనుకుని కూతురు ఎటో చూస్తూ నిలబడింది.

"నువ్వేం సదువుతవ్ బిడ్డా?" అన్నాను.

ఆ పిల్ల ఉలిక్కిపడింది. తండ్రిని చూసి, నన్ను చూసి, "ఫ్యాషన్ డిజైనింగు మేడం. మీ కాలేజీల లేదు" అంది.

జిరాక్స్ తీసి ఆ పిల్ల చేతికే ఇచ్చేశాను. చాయ్ మాత్రం పూర్తిగా తాగాను. స్టీలు గ్లాసు కింద పెడుతుంటే అందులో నా ముఖం సన్నగా, పొడుగ్గా కనబడింది. ఇంజినీరమ్మ ఇంకా అక్కడే ఉంది, జుట్టు మాత్రం కాస్త నెరిసింది. ఆమెను చూసి నవ్వుకుంటూ గడప దిగాను.