ఖాళీ గోడ మీద తెల్లగడి

దెయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ణి. మా రామచంద్రపురంలో ఎవరింట్లోనైనా గిన్నె దానంతటది కదిలిందంటే, పనిగట్టుకుని వెళ్లి ఎలక కన్నం చూపించి వచ్చేవాణ్ణి. ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. ఇందులో దెయ్యం లేదు కూడా. ఇది జరిగిన రోజుకి మా ఇంట్లో అందరూ నిక్షేపంలా ఉన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో కోపం వస్తుంది. రానివ్వండి.

నాకు ఫొటోల పిచ్చి. పాతికేళ్లు రీలు కెమెరాతో తీశాను. తెల్లవారుజామున కోటిపల్లి రేవులో పడవలు, మంచులో కొబ్బరితోటలు, కుప్పనూర్పిళ్ళు, ఇవీ నాకు ఇష్టమైనవి. రీలు అయిపోయాక రాజమండ్రి స్టూడియోలో కడిగించుకునేవాణ్ణి. ఇంట్లో శుభకార్యం వస్తే గ్రూపు ఫొటో తీసే బాధ్యత కూడా నాదే. అది నాకు ఇష్టం లేని పని, కానీ తప్పేది కాదు.

మా మేనత్త మాణిక్యం గురించి చెప్పాలి. పంతొమ్మిదో ఏట భర్త పోతే మా ఇంటికొచ్చేసింది. మా అమ్మది ఉబ్బసం శరీరం. అన్నయ్యకీ నాకూ అన్నం పెట్టింది, జ్వరాలకి మేలుకుంది, మమ్మల్ని బళ్ళో దింపింది అంతా అత్తే. తర్వాత అన్నయ్య కూతురు శిరీషని కూడా తనే పెంచింది.

నేను కెమెరా తియ్యగానే అత్త లేచేది. ఆడవాళ్ళ హేండ్‌బ్యాగులు, పసివాళ్ళ టోపీలు, మగవాళ్ళ కండువాలు అన్నీ రెండు చేతుల నిండా పోగుచేసుకుని నా వెనక్కి వచ్చి నిలబడేది. భర్త పోయిన ఆడమనిషి శుభకార్యం ఫొటోలో పడకూడదట. ఆ నియమం ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, ఆవిడని ఎవరూ వెళ్ళమనక్కర్లేదు, ఎవరూ ఉండమనరు. నేనూ అనలేదు. నిజం చెప్పాలంటే నాకది సదుపాయంగా ఉండేది. ఫ్రేములో బ్యాగులు అడ్డం రావు కదా.

రెండు వేల ఎనిమిదిలో శిరీషకి పెళ్లి కుదిరింది. అప్పటికి మా ఊళ్ళో రీళ్ళు దొరకడం తగ్గిపోయింది. ఇక డిజిటల్ కెమెరా కొనక తప్పదనుకున్నాను. జేబులో పట్టే చిన్నది చాలు. కానీ ఏది?

మూడు నెలలు పట్టింది నాకు. ఒక నోటుబుక్కు పెట్టి గళ్ళు గీశాను. మెగాపిక్సెళ్ళు ఎక్కువుంటే గొప్పన్నది వట్టి మాట, లోపల సెన్సరు ఎంతుందో చూడాలి. డిజిటల్ జూమ్ దండగ, అద్దం కదిలే జూమే జూమ్. సొంత బ్యాటరీ ఉన్నదా, పెన్సిల్ సెల్స్ వేసేదా? మా ఊళ్ళో కరెంటు సంగతి తెలుసు కాబట్టి పెన్సిల్ సెల్స్‌కే నా ఓటు. బటన్ నొక్కాక ఫొటో పడటానికి ఎంతసేపు పడుతుందో చేతి గడియారంతో కొలిచాను. మా ఆవిడ విసుక్కుంది.

"మీ అన్నయ్యగారు పెళ్లికొడుకుని కూడా ఇంత వెతకలేదండీ."

అత్త మాత్రం రోజూ వచ్చి పక్కన కూర్చుని అడిగేది. పక్కింటివాళ్ళ దగ్గర ఒక డిజిటల్ కెమెరా చూసిందట.

"వెనకాల వెంటనే బొమ్మ కనబడేది కొనరా. కొన్నాక నన్నొకటి తియ్యి. ఒక్కదాన్నే వద్దు, మీ అందరితో కలిపి తియ్యి. ఫొటోలో నేనెలా ఉంటానో నేనెప్పుడూ చూసుకోలేదు."

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "పెళ్లిలో తీస్తానత్తా" అన్నాను. అంటూనే నోటుబుక్కులోకి తల దూర్చేశాను.

రాజమండ్రి కొట్లో చివరికి రెండు మిగిలాయి. నాకు నచ్చినది పాతరకం, కన్ను పెట్టి చూసే కిటికీ ఉంది. రెండోది అప్పుడే వచ్చింది. కొట్టాయన దాన్నే నా చేతిలో పెట్టాడు.

"ఇది మొహాలు పట్టేస్తుందండి. ఎవరి మొహం మీద తెల్లగడి నిలబడితే వాళ్ళు క్లియర్‌గా వస్తారండి సార్."

నేను వెంటనే వాదనకి దిగాను. దానికి మొహం ఏం తెలుసయ్యా, కళ్ళున్నచోట నల్లగా, బుగ్గలున్నచోట తెల్లగా ఉంటే గడి గీస్తుంది, అంతే. అక్కడే పరీక్షించాను. క్యాలెండర్లో దేవుడి మొహం పట్టింది. బొమ్మ మొహం పట్టింది. వెనక్కి తిరిగి నిలబడిన కుర్రవాడి తల పట్టలేదు. సరే, గ్రూపు ఫొటోలకి పనికొస్తుందని అదే కొన్నాను. ఇంటికొచ్చాక వారం రోజులు దానితోనే ఉన్నాను. పీచు తీసిన కొబ్బరికాయని ఒకసారి మనిషనుకుంది, దానికీ మూడు కళ్ళుంటాయి కదా. అది ఎక్కడ పొరబడుతుందో నాకు బాగా తెలుసు. అందుకే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

పెళ్లికూతురిని చేసిన రోజు. అన్నయ్య ఇంటి హాలు. ఉదయం తొమ్మిది దాటింది, రెండు కిటికీల్లోంచి మంచి వెలుతురు. పెళ్లని గోడలకి కొత్తగా లేత గోధుమరంగు వేయించారు. క్యాలెండర్లు, పటాలు, గడియారం అన్నీ దింపేశారు. గోడ మీద ఒక్క మేకు కూడా లేదు. ఆ గోడకి మూరెడు దూరంలో ఎనిమిది మందిని నిలబెట్టాను. శిరీష, అన్నయ్య, వదిన, వదిన తమ్ముళ్ళిద్దరూ, వాళ్ళ భార్యలు, మా ఆవిడ.

శిరీష గుమ్మం వైపు చూసి పిలిచింది. "మామ్మా, రా. నా పక్కన నిలబడు."

అత్త ఆ రోజు గంధంరంగు కొత్తచీర కట్టుకుంది. ఒక అడుగు ముందుకి వేసింది కూడా. అన్నయ్య అడ్డుపడ్డాడు.

"మామ్మ తర్వాత దిగుతుందిలేమ్మా. ముందిది కానివ్వండి, టైమైపోతోంది."

మాట మృదువుగానే ఉంది. చెంప మీద కొట్టినా అంత దెబ్బ తగలదు. అప్పుడు నేనేం చేశానో కూడా రాయాలి. కెమెరా తెర మీంచి కన్ను తీయకుండా, "కొంచెం పక్కకి రా అత్తా, ఫ్రేములో పడుతున్నావ్" అన్నాను. ఆవిడ కుర్చీల మీదున్న హేండ్‌బ్యాగులు తీసుకుని పెరట్లో ఉన్న సామాన్ల గదిలోకి వెళ్లిపోయింది.

బటన్ సగం నొక్కాను. మొహాల మీద గళ్ళు పడ్డాయి. కానీ పెద్దగడి, అంటే కెమెరా ఎవరిని ముఖ్యమనుకుంటే వాళ్ళ మీద నిలబడే గడి, శిరీషకీ వదినకీ మధ్య ఖాళీలో గోడ మీద పడింది. శిరీష భుజం ఎత్తులో. అక్కడ మనిషి లేదు. కెమెరా దించి మళ్లీ ఎత్తాను. మళ్లీ అక్కడే. చిరాకేసి అలాగే తీసేశాను.

"కాస్త దగ్గరికి జరగండి, మధ్యలో సందు ఉంది" అన్నాను. జరిగారు. సందు లేకుండా పోయింది. అప్పుడు ఆ గడి కదిలింది. వరుస వెంట మెల్లగా వెళ్లి, చివర మా ఆవిడ పక్కన ఖాళీ గోడ మీద ఆగింది. రెండోది తీశాను.

"ఈ చివర వాళ్ళు ఇంకో అడుగు ఇటు" అన్నాను. గడి ఇంకాస్త జరిగి గుమ్మం దగ్గర గోడ అంచున నిలబడింది. జరగమన్నప్పుడల్లా జరిగే మనిషి ఎలా నిలబడుతుందో అలాగే. మూడోది తీశాను.

వెనక తెర మీద చూసుకుంటే మూడింట్లోనూ మనుషులు మసకగా ఉన్నారు. గోడ మాత్రం రంగు బ్రష్షు గీతలతో సహా తేటగా వచ్చింది. ఫొటోలు తెలిసినవాళ్ళకి ఇది చెప్పాలి. ఇలాంటి చిన్న కెమెరాలో మూరెడు దూరానికి అంత తేడా రాదు. గోడ బాగా వస్తే మనుషులూ బాగానే రావాలి.

అన్నయ్య తొంగిచూసి మొహం చిట్లించాడు. "ఇదేం కెమెరారా, పెళ్లింట్లో అపశకునంలా. చెరిపెయ్." నేను చెరపలేదు. పెళ్లికి మాట్లాడిన ఫొటోగ్రాఫరు అప్పుడే వచ్చాడు. మిగతా ఫొటోలన్నీ అతనే తీశాడు.

తర్వాత సామాన్ల గదికి వెళ్ళాను. వంటమనిషి రత్నం పిండిరుబ్బే మిషను పక్కన నిలబడి ఉంది, అది హోరుమని తిరుగుతోంది. అత్త స్టూలు మీద కూర్చుని, ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకుల్ని పెట్టెల్లో సర్దుతోంది. నన్ను చూసి రత్నం దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అమ్మగారు ఇందాక కళ్ళు మూసుకుని 'జరుగుతున్నానమ్మా, జరుగుతున్నాను' అన్నారండి. రెండుసార్లు. నేను తప్ప అక్కడ ఇంకెవరూ లేరండి."

పెరడు దాటి, రెండు తలుపులు దాటి, ఆ మిషను హోరులో నా మాట వినబడే అవకాశం లేదు. తర్వాత మా ఆవిణ్ణి హాల్లో నిలబెట్టి అరిపించి మరీ చూశాను, ఆ గదిలోకి ఏమీ వినబడలేదు.

కెమెరా పాడైందన్న ఉక్రోషంతోనే అత్తకి చూపించాను. "చూడత్తా, మూడు నెలలు వెతికి కొంటే ఎలా తీసిందో." ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి ఫొటో చాలాసేపు చూసింది. మసకమసకగా ఉన్న మా వాళ్ళని కాదు, మధ్యలో గోడని. మొహం విప్పారింది.

"బాగానే వచ్చానురా" అంది.

చేతిలో కెమెరా ఉంది. ఎదురుగా ఆవిడ ఉంది, కొత్తచీరలో, కిటికీ వెలుతురులో. అప్పుడే బటన్ నొక్కి ఉండాల్సింది. బయట కల్యాణమండపానికి వెళ్ళే బస్సు హారన్ కొడుతోంది, అన్నయ్య కేకలేస్తున్నాడు. సాయంత్రం తీద్దాంలే అనుకుని పరిగెత్తాను. సాయంత్రం మర్చిపోయాను. ఇది రాస్తుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

పెళ్లయ్యాక వారం రోజులు సరిగ్గా అదే వేళకి ఆ గోడని తీశాను. మనుషుల్ని నిలబెట్టి తీశాను, నిలబెట్టకుండా తీశాను. గడి ఒక్కసారీ గోడ మీద పడలేదు. శిరీష నగల మెరుపు గోడ మీద పడిందేమో అనుకున్నాను. మెరుపు పడితే వెలుగు మచ్చ వస్తుంది, మొహం రాదు. చివరికి కెమెరాని రాజమండ్రి కొట్లో ఇచ్చి, అంతా చూసి చెప్పమన్నాను. అది అక్కడ నెలన్నర ఉంది. లోపం ఏమీ లేదన్నారు.

ఆ నెలన్నరలోనే అత్తకి జ్వరం వచ్చింది. మూడో రోజుకి పోయింది. ఆవిణ్ణి ఒక్క ఫొటో తియ్యడం మానేసి, యంత్రానికి రోగమేమిటో కనుక్కోవడానికి పంపించిన తెలివైనవాణ్ణి నేను.

పెద్దకర్మకి దండ వెయ్యడానికి ఫొటో కావాలన్నారు. ఆల్బమ్‌లన్నీ తిరగేశాను. నెగెటివ్‌లు వెలుతురుకి పెట్టి చూశాను. పాతికేళ్ళ ఫొటోల్లో ఒకచోట ఆవిడ మోచెయ్యి దొరికింది. ఒకచోట హేండ్‌బ్యాగు పట్టుకున్న వేళ్ళు. ఇంకోచోట కొంగు. మొహం ఒక్కదాన్లోనూ లేదు.

"ఇన్నేళ్ళు ఫొటోలు తీశావ్, ఒక్కటి లేదేంట్రా?" అన్నాడు అన్నయ్య.

నాకు పిచ్చి కోపం వచ్చింది. బంధువులందరి ముందూ అరిచాను. ఉండనిచ్చావా నువ్వు అన్నాను. అన్నయ్య మొహం ఎర్రబడింది.

"నేనొక్కణ్ణేనా? కెమెరా నీ చేతిలోనే ఉంది కదరా ఎప్పుడూ."

రోషంకొద్దీ రాజమండ్రి వెళ్లి, ఆ మూడు ఫొటోల్లో మొదటిదాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చి పీట మీద పెట్టాను. ఆవిడ లేని ఫొటో పెట్టాడు, వీడికి మతిపోయింది అని అందరూ గొణుక్కున్నారు. అననియ్యి అనుకున్నాను. తెల్లగడి కెమెరా తెర మీద కనబడుతుందే తప్ప ఫొటోలో రాదు. అది ఎక్కడ పడిందో నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

శిరీష అత్తవారింటినుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. తిన్నగా వచ్చి గంధం గిన్నె తీసుకుని, ఫ్రేము అద్దం మీద ఒక్క బొట్టు పెట్టింది. తన బొమ్మకీ వాళ్ళమ్మ బొమ్మకీ మధ్య, తన భుజం ఎత్తులో. కెమెరా గడి నిలబడిన చోటే.

"అక్కడెందుకు పెట్టావమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నాకేసి వింతగా చూసింది. "మరెక్కడ పెట్టను బాబాయ్? మామ్మ కనబడట్లేదా నీకు?"

ఆ ఫొటో ఇప్పుడు నా గదిలోనే ఉంది. పగటి వెలుతురులో చూశాను, లైటు వేసి చూశాను, భూతద్దం పెట్టి చూశాను. ఇదంతా ఏమిటో నా ఫిజిక్సుకి అందలేదు, అందుతుందన్న ఆశా లేదు. శిరీష మాత్రం ఎప్పుడొచ్చినా దాని ముందు కూర్చుని కాసేపు కబుర్లు చెప్పి వెళ్తుంది. నేను పక్కనే నిలబడి చూస్తాను. నాకు గోడే కనబడుతుంది.