సినిమా కౌన్సెలర్ కావాలన్న రత్నమ్మ

కోవిడ్ తరువాత కోర్టులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది నేను బెంగళూరు కుటుంబ న్యాయస్థానంలో వివాహ కౌన్సెలర్‌గా ఉన్నాను. రిటైర్మెంట్ దగ్గర పడుతోంది. విడాకుల పిటిషన్ వస్తే జడ్జిగారు విచారణకు ముందు దంపతులను మా గదికి పంపుతారు. అక్కడ చెప్పుకున్నది బయటికి పోదు. రాజీ కుదిరిందా, లేదా అన్న ఒక్క ముక్కే కోర్టుకు రాసి పంపుతాం. అందుకే ఇక్కడ పేర్లు మార్చాను.

వచ్చేవాళ్లలో చాలామందికి మా పని సినిమాల ద్వారానే తెలుసు. సినిమాలో కౌన్సెలర్లు రెండు రకాలు. ఒకరు నవ్వించడానికి ఉంటారు. భార్యాభర్తల గొడవలో ఇరుక్కుని, చివరికి తన సొంత గోడునే వెళ్లబోసుకుంటారు. రెండోవారు కళ్లజోడు తీసి పెళ్లి గురించి పెద్ద డైలాగు చెబుతారు. వెనక వేణువు మోగుతుంది, దంపతుల కళ్లు చెమరుస్తాయి. రత్నమ్మ ఆ రెండో మనిషి కోసం వచ్చింది.

ఆమె, భర్త నాగరాజు దొడ్డబళ్ళాపురంలో సొంత మరమగ్గాలు నడిపినవాళ్లు. గిరాకీ పడిపోయాక మగ్గాలు అమ్మేసి నగరానికి వచ్చారు. ఆమె గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తోంది, అతను ఆటో నడుపుతున్నాడు. పిటిషన్ ఆమెదే.

“మగ్గాలు అమ్మేటప్పుడు నన్నొక మాట అడగలేదు మేడం. ఇప్పుడు నోరు తెరిస్తే జగడమే. సినిమాలో మాదిరి మీరే నాలుగు మాటలు చెప్పండి, ఈయప్ప తల దించుకోవల్ల,” అంది.

“సినిమాల్లో మీరంతా ఆడోళ్ల పక్కే కదా మేడం. ఇంక నేను చెప్పేదేముండాది?” అని నాగరాజు కిటికీ వైపు తిరిగాడు.

తీర్పు చెప్పడం నా పని కాదని వివరించి, ఒకరి తరువాత ఒకరిని మాట్లాడమన్నాను. ప్రతి మాటా తగవులోనే తేలింది. కుదరలేదని రాయక తప్పదనుకుంటుండగా కరెంటు పోయింది. కిటికీ కిందే డీజిల్ జనరేటర్. అది మొదలయ్యాక నా మాట నాకే వినపడలేదు.

అప్పుడు రత్నమ్మ చెయ్యి లేచింది. వేళ్లు ముడిచి, విప్పి, గుండె దగ్గర ఆపింది. నాగరాజు తిరిగి చూశాడు. కాసేపటికి అతని చేతులూ కదిలాయి. మరమగ్గాల షెడ్డులో పక్కవాడు అరిచినా వినపడదనీ, అక్కడివాళ్లు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారనీ విన్నానే గానీ, ఎన్నడూ చూడలేదు. నాగరాజు రెండు వేళ్లను పోగు తెగినట్టు విడదీశాడు. ఆమె తల అడ్డంగా ఊపితే, ఆ వేళ్లనే మళ్లీ చూపించాడు. ఒకరు ముగించేదాకా రెండోవారి చేతులు ఒడిలోనే ఉన్నాయి. ఇన్నేళ్లుగా నేను ఎవరిచేతా చేయించలేకపోయిన పని అది. నాకు ఒక్క సైగా అర్థం కాలేదు. పెన్ను పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయాను.

కరెంటు వచ్చింది, జనరేటర్ ఆగింది. వాళ్లు ఆపలేదు. ఆ నిశ్శబ్దంలో గాజుల చప్పుడు ఒక్కటే వినిపించింది.

చివరికి నాగరాజు ముఖం తుడుచుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

“మగ్గాలు లారీకి ఎత్తిన పొద్దు ఏడ్సినావా అని అడిగితి మేడం,” అంది రత్నమ్మ. “ఏడ్సినా అన్నాడు. నా ముందర ఏడ్సలేకనే నన్ను అడగలేదంట. నోటితో అడిగింటే ఈ జన్మకు చెప్పడు.”

వాయిదా అడిగారు, జడ్జిగారు ఇచ్చారు. తరువాతి విచారణలో రత్నమ్మ పిటిషన్ వెనక్కి తీసుకుంది. ఆ పైన వాళ్లెలా ఉన్నారో నాకు తెలియదు; ఫైలు మూశాక ఆరా తీయడం మా పద్ధతి కాదు.

రిటైరయ్యేదాకా ఆ తరువాత వచ్చిన ప్రతి జంటనూ, గొడవేమిటని అడిగే ముందు, బాగున్న రోజుల్లో ఎలా మాట్లాడుకునేవారని అడిగాను. కొందరి దగ్గర జవాబు ఉండేది కాదు. ఉన్నవాళ్ల దగ్గర నా పని సగం తగ్గేది.