మూడు నెలలకి ఒక వరస

మా తోటికోడలు పోయింది. మంగళవారం పొద్దున్న బావగారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "మీ అప్ప ఎలిపోనాదమ్మా" అన్నారు. నేను మిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతున్నాను. ఫోన్ పక్కన పెట్టి, ఆ జాకెట్టు చేతి కుట్టు పూర్తయ్యేదాకా తొక్కుతూనే ఉన్నాను. ఎందుకో అడక్కండి, నాకే తెలీదు. తర్వాత లేచి గుమ్మంలో నిలబడితే, ఖిదిర్‌పూర్‌లో ఏ మంగళవారమైనా ఎలా ఉంటుందో వీధి అలాగే ఉంది. కూరగాయలవాడు తోటకూర మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు.

శ్రీకాకుళం పక్కనుంచి పెళ్ళయి ఈ బెంగాలీ ఊరొచ్చిన రోజు నుంచి ఆవిణ్ణి, మా వైపు అక్కని పిలిచినట్టు, అప్పా అనే పిలిచాను. మా మామగారి కాలం నుంచీ ఈ ఇంటి మగాళ్ళందరిదీ రేవు పని. బావగారిదీ మాదీ పక్కపక్క గదులు, రెంటికీ కలిపి ఒకటే వరండా. ఆ వరండాలో ఒక మూల అప్ప పొయ్యి పెట్టుకుని, రేవులో పనిచేసే పదిమంది మనవాళ్ళకి కేరేజీలు కట్టేది. అవతలి మూల నా కుట్టుమిషను. ఇరవై రెండేళ్ళు అలా ఎదురూబొదురూ కూర్చున్నాం. దెబ్బలాడుకోలేదని అబద్ధం చెప్పను. కొళాయి దగ్గరా, బట్టలారేసే తాడు దగ్గరా బోలెడుసార్లు కీచులాడుకున్నాం. మాట్లాడ్డం మానేసిన రోజుల్లో కూడా మధ్యాహ్నానికల్లా నా గుమ్మంలో కూర గిన్నె పెట్టి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది.

రెండేళ్ళ కిందట నా ఒళ్ళు నాకే మొయ్యలేని బరువైంది. పొద్దస్తమానం కూర్చునే పని. రోజుకి ఆరు టీలు, ఒక్కోదానికీ రెండేసి చెంచాల చక్కెర, సాయంత్రమైతే వీధి చివరి కొట్లో సమోసాల్లాంటి వేడివేడి సింగాడాలు. మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేక భవానీపూర్‌లో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. షుగరు గుమ్మం దాకా వచ్చింది, బరువు తగ్గమని ఒక కాయితం ఇచ్చాడు. ఓట్సు, ఆలివ్ నూనె, నేనెప్పుడూ పేరు వినని గింజలు. పౌరుషంగా మొదలుపెట్టాను. తొమ్మిదో రోజు మిషను మీదే కళ్ళు తిరిగి పడ్డాను.

మొహాన నీళ్ళు కొట్టి లేపింది అప్పే. సంగతి విని ముందు కడుపుబ్బ నవ్వింది.

"ఒలమ్మా, ఇదేటే! ఇంట్లో లేని గింజలు ఎన్నాళ్ళు తింతావు? మనింట్లో ఏటున్నాదో అదే తిను. రవ్వంత తక్కువ తిను. బేగి తగ్గిపోవాలని సూసేవా, తగ్గినంత బేగీ మళ్ళీ ఎక్కుతాది."

ఆవిడ పద్ధతి ఒక్కటే, నెలకి ఒక మార్పు. మొదటి నెల టీలో చక్కెర సంగతి మాత్రమే. మిగతావి ముట్టుకోనివ్వలేదు. తనే వెళ్ళి టీ కొట్టాయనకి, "దాదా, అమార్ బోన్‌కే చిని కొమ్" అని చెప్పొచ్చింది. నా చెల్లికి చక్కెర తక్కువ వెయ్యమని. తోటికోడల్ని కాస్తా చెల్లినైపోయానని మురిసిపోయాను, టీ చప్పగా ఉందని తిట్టుకున్నాను. రెండో నెల అన్నం మీద పడింది. కంచంలో ముందు కూర పెట్టి, మిగిలిన చోటులోనే అన్నం పెట్టేది. మూడు గరిటెలు రెండయ్యాయి. "కూర కూడంత, కూడు కూరంత" అనేది. సొరకాయని ఇక్కడ లావు అంటారు కదా, లావు తింటే లావు తగ్గుతుందని వారానికి మూడుసార్లు అదే వండి నా ప్రాణం తీసింది. సింగాడా పోయి గుప్పెడు మురీ మరమరాలు, ఉల్లిపాయ ముక్కలు, ఉడికిన సెనగలు వచ్చాయి. బజారుకి ఆటో పోయి కాళ్ళొచ్చాయి. రాత్రి భోజనం ఏడింటికి జరగడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది, మా ఆయన ఇంటికొచ్చేదే ఎనిమిదింటికి మరి.

దసరా పూజల రోజుల్లో నేను మిఠాయి దగ్గర చెయ్యి ముడుచుకుంటే కసిరింది. "పండగ నాడు పండగలాగే తిను. ఆ రోజు కడుపు మాడ్సుకున్నోళ్ళే మర్నాడు దొంగసాటుగా తింతారు."

బరువు చూసుకునే మిషను కొందామంటే ఒప్పుకోలేదు. రోజూ దాని మీదెక్కి ఏడుస్తావంది. నా పనిలోనే ఒక కొలత చూపించింది. మేం జాకెట్టు కుట్టేటప్పుడు పక్కల్లో రెండంగుళాల గుడ్డ లోపలికి వదిలి, రెండు మూడు వరసలు కుట్టేస్తాం. ఒళ్ళొస్తే ఒక వరస విప్పితే చాలు, తగ్గితే లోపలికి ఇంకో వరస వేస్తే చాలు. ఎవరు ఎంత లావయ్యారో, ఎంత చిక్కారో ఈ వీధిలో అందరికంటే ముందు తెలిసేది నాకే. "మూడు నెల్లకి ఒక వరస లోపలికెల్తే సాలు" అంది అప్ప. అలాగే లెక్క పెట్టుకున్నాం.

మధ్యలో ఒకసారి ఆశ పుట్టింది నాకు. ఆవిడకి తెలియకుండా పదిహేను రోజులు రాత్రి తిండి మానేసి, రెండు వరసలు ఒకేసారి వేసుకుని గొప్పగా చూపించాను. మెచ్చుకుంటుందనుకుంటే చేతిలో గరిటె కింద పెట్టేసింది. "ఇది తగ్గడం కాదే, పోవడం" అంది. నన్ను కూర్చోబెట్టి, రెండు గరిటెల అన్నం పెట్టి, కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయుంటే కొంచెం నయంగా ఉండేది.

ఏణ్ణర్ధానికి డాక్టరు దగ్గర తూస్తే పదకొండు కిలోలు తగ్గాను. మోకాళ్ళు నా మాట వినడం మొదలుపెట్టాయి. డాక్టరు ఇంకే కాయితమూ ఇవ్వలేదు.

అప్ప మొదటినుంచీ నిండైన మనిషి. మొన్నటి పూజలు వెళ్ళాక ఒకరోజు తన జాకెట్టు పట్టుకొచ్చి వదులైందంది. "నువ్వు తగ్గితే నాను ఊరుకుంతానేటి?" అని నవ్వింది. నేనూ నవ్వి ఒక వరస వేసిచ్చాను. మూడు వారాలకి అదే జాకెట్టు మళ్ళీ తెచ్చింది. ఇంకో వరస. చలి మొదలయ్యేసరికి మూడోది. లోపలి గుడ్డ మడతలు పడి ఒత్తుకుంటోందంటే, విప్పి, కత్తిరించి, మొత్తం కొత్తగా కుట్టాను. టేపు పట్టుకుని నా చేతులతో నేనే కొలిచాను. ఎముకలు నా వేళ్ళకి తగిలాయి. తగిలినా, నన్ను దాటిపోతోందే అన్న కుళ్ళు తప్ప నాకేమీ తోచలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, కుళ్ళుకున్నాను.

పైగా కొళాయి దగ్గర ఆడవాళ్ళందరినీ పిలిచి, "మా అప్పని చూడండి, పెళ్ళికూతురిలా లేదూ!" అన్నాను. వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. అప్ప పొట్ట మీద చెయ్యేసుకుని అందరికీ నవ్వుతూ నిలబడింది. ఆ చెయ్యి ఆ రోజుల్లో ఎప్పుడూ అక్కడే ఉండేది. గేసని వాము నీళ్ళు తాగేది. కేరేజీలు కట్టాక తను తినకుండా పడుకునేది. పద్ధతి గట్టిగా పాటిస్తోందనుకున్నాను.

ఒక్కసారి మాత్రం, కుట్టు వేస్తూ, "మూడు నెలలకి ఒకటే కదా అప్పా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

"నీకంటే నాను గట్టిదాన్ని కదేటి" అంది. నమ్మేశాను. ఆవిడకి తెలిసి దాచిందో, తెలియక తనూ సంబరపడిందో ఇక ఎవర్నడగను?

సంక్రాంతి దాటిన వారంలో అన్నం డేగిసా దించబోయి అలాగే కూలబడిపోయింది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక, పొట్టలో పుండు ఎప్పటినుంచో పెరుగుతోందనీ, అది కేన్సరనీ, చెయ్యగలిగింది పెద్దగా లేదనీ చెప్పారు. నేను మొదట వేసిన వరస నాడే తీసుకొచ్చి ఉంటే బతికేదా అని డాక్టర్ని అడిగాను. ఆయన "బొలా ముష్కిల్, దీదీ" అన్నాడు. చెప్పడం కష్టమట. అవునన్నా ఏడ్చేదాన్ని, కాదన్నా ఏడ్చేదాన్ని. ఈ మాటతో ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియడం లేదు.

ఆవిడ నేర్పిన తిండిలో తప్పేమీ లేదు. డాక్టరు కూడా ఆ మాటే చెప్పాడు, ఆ జబ్బుకీ ఈ తిండికీ ఏ సంబంధమూ లేదన్నాడు. మీలో ఎవరికైనా నాలా మోకాళ్ళు మొరాయిస్తుంటే, నెలకి ఒక మార్పు చేసి చూడండి. ఒక్కటి మాత్రం నా తరఫున చెబుతున్నాను. పక్కమనిషి ఊరికే చిక్కిపోతుంటే మెచ్చుకోకండి. ఎందుకని అడగండి, ఒకసారి అడిగి ఊరుకోకండి.

నా చెయ్యి ఇప్పటికీ రెండు గరిటెలే పెడుతుంది. కూర ముందు, అన్నం తర్వాత. పరామర్శకి వచ్చినవాళ్ళలో ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "బాగా తగ్గినావమ్మా" అంది. లేచి లోపలికి వెళ్ళిపోయాను.

చివరి ఆదివారం సాయంత్రం ఆసుపత్రికి మెత్తగా పెసరపప్పు అన్నం వండి తీసుకెళ్ళాను. అప్పటికి ఆవిడ రెండు రోజులుగా ఏమీ మింగడం లేదు. దిండుకి ఆనించి కూర్చోబెట్టి, చిన్న ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను.

"ఒక్కటి అప్పా. ఇదొక్కటీ తిను. ఇంకడగను."

పెదాలు విప్పలేదు. ముద్ద వైపు కాదు, నా మొహం వైపు చూసింది.

"పొద్దున్నించి నువ్వేటి తిన్నావు?"

"తిన్నానప్పా. ఇంటి దగ్గర తినే వచ్చాను."

నమ్మలేదు. నా మణికట్టు పట్టుకుని నా చేతిని నా వైపే తోసింది. ఆ పట్టులో బలమేమీ లేదు, చంటిపిల్ల పట్టుకున్నట్టుంది. చిటికెన వేలితో ఆపగలను. ఆపలేకపోయాను. చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చి నా నోటి దగ్గర ఆగింది, దాన్ని పట్టుకుని ఆవిడ చెయ్యీ వచ్చింది. వార్డులో అందరూ చూస్తుండగా, ఆవిడ కోసం వండి తెచ్చిన ముద్ద నేనే నోట్లో పెట్టుకున్నాను. అప్ప నా మణికట్టు వదల్లేదు. నేను మింగేదాకా నా గొంతు వైపే చూస్తూ ఉంది.